దుప్పుల దారిన కట్టిన మంచె

మొన్న శనివారం పొద్దున ఐర్లండ్‌లో, నేవన్ అనే ఊళ్ళో, మా ఇంటి ముందు చెత్తడబ్బా బయటపెడదామని వెళ్ళేసరికి పక్కింటి అమ్మాయి కారు మీద అల్యూమినియం నిచ్చెన లాంటిదేదో కట్టుకోలేక అవస్థ పడుతోంది. వరంగల్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొగుడు లేచేలోగా సగం పనులు చక్కబెట్టుకొచ్చే రకం. నన్ను చూడగానే "అంకుల్, జర ఆ కొస పట్టుకుంటరా?" అంది. పట్టుకుని చూద్దును కదా, అది వట్టి నిచ్చెన కాదు, పైన కూర్చోవడానికి పలక, చేతులు ఆనించుకోవడానికి కడ్డీ ఉన్న మంచె. ఆఫీసు స్నేహితులతో కలిసి దుప్పుల వేటలో శిక్షణ తీసుకుందట, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, తుపాకీ లైసెన్సు కూడా ఇచ్చారట, సీజన్ మొదలయ్యేలోగా ఎవరిదో పొలంలో దాన్ని నిలబెట్టి రావాలట. దుప్పులు ఎటునుంచి వస్తాయో, గాలి ఎటు వీస్తుందో అన్నీ ఫోనులోనే చూపించింది. నేను ఉండబట్టలేక, నిలబెట్టిన తర్వాత మాటిమాటికీ వెళ్ళి చూసుకోకమ్మా, దాని మానాన దాన్ని వదిలెయ్యి అన్నాను. ఆ పిల్ల తాడు వదిలేసి నా మొహంలోకి చూసి, "మీకెట్ల తెలుసు అంకుల్ ఇవన్నీ?" అంది.

తీరిగ్గా చెబుతాలే అని తప్పించుకుని లోపలికొచ్చాను గానీ, ఆ రోజంతా మనసు ములింగార్ అనే ఊరి పక్కన ఒక కొండవాలు మీదే తిరిగింది. మన ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మేం ఐర్లండ్ వచ్చింది పాతికేళ్ళ కింద. మేం అంటున్నాను గానీ నిజానికి వచ్చింది మా ఆవిడ, ములింగార్ ఆసుపత్రిలో డాక్టరుగా, ఆవిడ వెనకాల సూట్‌కేసులతో పాటు నేను. అప్పటికి నేను మన నీటిపారుదల శాఖలో ఏడేళ్ళు ఇంజనీరుగా చేసి, జీతం లేని సెలవు పెట్టి వచ్చాను. కాలవ గట్ల మీద ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ మోసుకుంటూ తిరిగి, కాలవ కాపలా లస్కర్లు లేచి నిలబడి నమస్కారం పెడితే తల ఊపి వెళ్ళిపోయిన మనిషిని, ఇక్కడికొచ్చేసరికి డాక్టరుగారి ఆయన అయిపోయాను. ఆ రోజుల్లో నాలాగా వెంట వచ్చినవాళ్ళకి పని చేసే అనుమతి ఉండేది కాదు. మా ఆవిడ పొద్దున్నే డ్యూటీకి వెళితే, నేను పప్పులో పోపు పెట్టి, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ ఏం చేస్తున్నావురా అని అడుగుతుందని, ఫోను కూడా మా ఆవిడ చేతే చేయించేవాణ్ణి.

మేం అద్దెకున్నది ఊరికి నాలుగు మైళ్ళ అవతల ఒక రైతు ఇంటి పక్కనున్న చిన్న ఇంట్లో. ఆ పెద్దాయనకి డెబ్భై దాటాయి. భార్య పోయి మూడేళ్ళు, పిల్లలు లేరు, తుంటి ఎముక అరిగిపోయి ఆపరేషన్ కోసం వరుసలో ఉన్నాడు. ఆవులు అమ్మేసి, ఇంటి వెనక కొండవాలులో ఉన్న పచ్చిక బీడంతా ఓక్ మొక్కలు నాటించాడు. వాటిలో కింది నాలుగు వరసలు మాత్రం కొనుక్కొచ్చినవి కావు. ఆయన భార్య బతికుండగా రాలిన కాయలు ఏరుకొచ్చి, ఖాళీ అయిన వెన్న డబ్బాల్లో మట్టి పోసి వంటింటి కిటికీలో మొలకెత్తించినవి. ఆ మాట ఆయన నాకు చాలా రోజుల తర్వాత గానీ చెప్పలేదు, అదీ కెటిల్ వైపు తిరిగి నిలబడి చెప్పాడు.

ఆ మొక్కల్ని దుప్పులు తింటున్నాయి. వాలు పైన ఉన్న పాత అడవిలోంచి తెల్లవారుజామున దిగొచ్చి, ఏ మొక్కకామొక్క తల కొరికేసి పోతున్నాయి. రెండేళ్ళుగా మొక్క మోకాలు దాటి పెరగలేదు. మొక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన అటవీ అధికారి, వచ్చే వసంతానికి కూడా చిగుళ్ళు ఇలాగే పోతే ఇక ఓక్ మీద ఆశ వదులుకుని అంతా దున్నించి వేరే చెట్లు పెట్టుకోవలసిందే అని చెప్పి వెళ్ళాడు. పెద్దాయనకి లిమరిక్‌లో ఒక మేనల్లుడు ఉన్నాడు, వేట లైసెన్సున్న మనిషి. నవంబరులో ఆడ దుప్పుల సీజన్ మొదలయ్యాక శనివారాలు మాత్రం రాగలనన్నాడు. కాబట్టి అతను వచ్చేసరికి మంచె సరైన చోట ఉండాలి. చోటు తప్పితే శనివారాలన్నీ వృథా, ఆ తర్వాత మొక్కలూ ఉండవు. చోటు చూసే కళ్ళు పెద్దాయనకున్నాయి, రోజూ కొండెక్కి దిగే కాళ్ళు లేవు. కాళ్ళుండి పని లేనివాణ్ణి నేను. ఆగస్టులో ఒక రోజు ఆయన మా తలుపు కొట్టి, బూట్లున్నాయా అని అడిగాడు.

అక్కణ్ణించి రెండు నెలలు నేను చూసినది, అంతకుముందు ముప్పయ్యేళ్ళూ కళ్ళు పెట్టుకుని చూడనిది. దుప్పి మొక్క కొరికితే కొస చింపిరిగా ఉంటుంది, ఎందుకంటే దానికి పై దవడలో ముందు పళ్ళు ఉండవు, పట్టి లాగుతుంది. కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. ముళ్ళకంచె కింది తీగకి చిక్కుకున్న నాలుగు వెంట్రుకలు చూసి, ఇక్కడ దూకలేదు, వంగి దూరింది అని చెప్పేవాడు పెద్దాయన. బురదలో గిట్టల గుర్తు అంచు పదునుగా ఉంటే ఈ రోజుది, అంచు కరిగి గుండ్రంగా ఉంటే నిన్నటిది. దారికడ్డంగా సాలెగూడు చెదరకుండా మంచుబొట్లతో మెరుస్తుంటే, పొద్దున అటు ఎవరూ రాలేదని అర్థం. మగ దుప్పులు కొమ్ముల మీది మెత్తని తోలు ఊడగొట్టుకోవడానికి చిన్న చెట్లకి కొమ్ములు రుద్దితే బెరడు పీలికలై వేలాడేది. అది చూపించి, ఆయన ఆ గాయం మీద వేలు పెట్టి, తడిగా ఉందో లేదో చూడమనేవాడు.

ఒక పొద్దున ఫెర్న్ పొదల మధ్య గడ్డి కోలగా అణిగి ఉన్న చోట ఆగి, కర్రతో చూపించి, చెయ్యి పెట్టమన్నాడు. వంగి అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. చుట్టూ గడ్డంతా ఐసులా ఉంది, ఆ ఒక్క చోటు మాత్రం ఇప్పుడే లేచెళ్ళిన మనిషి పక్కలా వెచ్చగా ఉంది. మేం వస్తున్న అలికిడి విని, మాకు కనపడకుండా, మా ఎదురుగుండానే అది లేచి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఖాళీగా ఉందనుకుని నేను కిటికీలోంచి చూసిన కొండ ఖాళీది కాదని, అక్కడ ఒక ఊరికి ఊరే కాపురముంటోందని ఆ క్షణాన తెలిసింది. ఇంటికొచ్చాక చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు.

మంచె కట్టడం మన పల్లెల్లో అందరూ ఎరిగిన పనే కదా అనుకున్నాను. కానీ మన మంచె మీద కూర్చున్నవాడు అరవాలి, డబ్బా వాయించాలి, వడిసెల తిప్పాలి, నేనున్నానని పిట్టకీ పందికీ తెలియాలి. ఇక్కడి మంచె మీద కూర్చున్నవాడు లేనట్టే ఉండాలి. పెద్దాయన కింద కుర్చీ వేసుక్కూర్చుని చెబుతుంటే, నేను లార్చ్ చెట్టు వాసాలు కోసి మేకులు కొట్టి, పన్నెండడుగుల మంచె తయారు చేశాను. వాలు పైభాగంలో, మొక్కలన్నీ ఒక్క చూపులో కనపడే చోట, కంచె పక్కన దాన్ని నిలబెట్టాం. ఇక దీని జోలికి రాకూడదు, దుప్పులు దీన్ని కూడా ఒక చెట్టనుకునేదాకా మనిషి వాసన తగలకూడదు అన్నాడు ఆయన. నేను సరేనన్నాను.

అక్కడే మేం ఒక తెలివైన పని చేశాం. కొత్త స్కూటర్ కొన్నా, బావికి మోటారు బిగించినా, చివరికి ఇంట్లో కొత్త మిక్సీ తెచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టకుండా వాడే అలవాటు లేదు మనకి. ఆ సాయంత్రం మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చి, మంచె కాళ్ళకి పసుపూ కుంకుమా పెట్టి, డబ్లిన్ నుంచి తెప్పించుకున్న ఒకే ఒక్క కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చింది. పెద్దాయన టోపీ తీసి నిలబడ్డాడు. అంతటితో ఆగితే బాగుండేది. పుణ్యం వచ్చే పనికి పదకొండు రోజులు పూజ చేస్తే మంచిదని మా ఆవిడ అంటే, ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి రోజూ వెళ్ళే బాధ్యత నామీద వేసుకున్నాను. పెద్దాయన టీ తాగే వేళ చూసుకుని, కంచె వెనకనుంచి వెళ్ళి, రోజూ సాయంత్రం మంచె కింద రెండు అగరొత్తులు వెలిగించి వచ్చాను. గంధం అగరొత్తులు, మనూరినుంచి తెచ్చుకున్నవి, గుప్పున ఘాటుగా ఉండేవి.

పది రోజులు తిరిగేసరికి దుప్పులు మాయమైపోయాయి. దారుల మీద సాలెగూళ్ళు అలాగే ఉన్నాయి. బురదలో పాత గుర్తులు కరిగిపోయాయే గానీ కొత్తవి పడలేదు. అవి కొండ దిగడం మానలేదు, దారి మార్చుకుని కింది వరసల వైపు నుంచి వస్తున్నాయని, ఆ వరసల్లో కొత్తగా చిరిగిన చిగుళ్ళు చూశాక తెలిసింది. అవి ఆవిడ వెన్న డబ్బాల్లో మొలిపించిన మొక్కలు. పెద్దాయన కర్ర మీద ఆనుకుని ఒక్కో మొక్కనీ చూసుకుంటూ, నా లెక్కే తప్పింది, ముసలివాణ్ణయిపోయాను అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. అయినా ఆ రోజు నోరు విప్పలేకపోయాను, చూశారా, అది ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

పదకొండో సాయంత్రం మొక్కు పూర్తి చేయడానికే వెళ్ళాను, అగరొత్తులు వెలిగించి అక్కడే చతికిలబడ్డాను. గాలి ఆకు కదలకుండా ఉంది. చూస్తూ ఉండగా, పొగ పైకి లేవకుండా కొంచెం తటపటాయించి, నేల మీదికి వాలి, వాలు వెంబడి కిందికి జారడం మొదలెట్టింది. తూము ఎత్తితే బోదెలోకి నీళ్ళు దారి చూసుకున్నట్టు, గుంట కనపడితే గుంటలోకి, పల్లం కనపడితే పల్లంలోకి పాకుతూ, తిన్నగా దుప్పుల దారిలోకి వెళ్ళి చేరింది. పగలు గాలి ఎటు వీచినా, చలి పడ్డాక గాలి కూడా నీరులాగే పల్లానికి పారుతుందన్నమాట. అగరొత్తులు లేకపోయినా ఆ మంచె మీద మనిషి కూర్చుంటే వాడి వాసన పొద్దున్నా సాయంత్రం అదే దారిన పోతుంది. ఏడేళ్ళు కాలవల మీద బతికినవాణ్ణి, నాకు అంతకంటే తేలిగ్గా అర్థమయ్యే సంగతి ఇంకోటి లేదు.

లేచి తిన్నగా పెద్దాయన వంటింటికి వెళ్ళి, చేసిన నిర్వాకం మొత్తం చెప్పేశాను. పొగ సంగతీ చెప్పాను. ఆయన టీ కప్పు పక్కకి జరిపాడు. తిడతాడనుకున్నాను, ఇల్లు ఖాళీ చెయ్యమంటాడనీ అనుకున్నాను. చివరికి, అన్ని రోజులు ఏమని మొక్కుకున్నావు అని అడిగాడు. మీ మొక్కలు బతకాలని అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఒక పాత కవరూ పెన్సిలూ నా ముందుకు తోసి, "అయితే ఇంజనీరుగారూ, ఎక్కడ కట్టాలో నువ్వే గీసి చూపించు" అన్నాడు. ఈ దేశంలో అడుగుపెట్టాక నన్ను ఆ పేరుతో పిలిచిన మొదటి మనిషి ఆయన.

అడుగున, మొక్కల దిగువ అంచులో, ముళ్ళచెట్ల కంచెని ఆనుకుని మంచె మార్చాం. అక్కడైతే దుప్పుల మీది గాలి మనవైపు వస్తుంది, మన గాలి వాటివైపు పోదు. ఎదురుగా నేల పైకి లేస్తుంది కాబట్టి తూటా గురి తప్పినా మట్టిలోకే పోతుంది. తర్వాత ఎవరూ అటు వెళ్ళలేదు. పసుపు బొట్ల మీద వానలు పడ్డాయి. అక్టోబరు చివరి వారంలో ఒక పొద్దున, చోటు కుదిరిందో లేదో చూసి రావడానికి పెద్దాయన నన్ను ఒక్కణ్ణే పంపించాడు.

ఎనిమిదికి గానీ తెల్లవారని కాలం అది. అంతకు చాలా ముందే వెళ్ళి పైకెక్కి కూర్చున్నాను. పొగమంచులో మొక్కలు లేవు, కొండ లేదు, నా బూట్లు కూడా సరిగ్గా కనపడడం లేదు. కాసేపటికి పైనుంచి ఒక శబ్దం వచ్చింది. తుప్పు పట్టిన తూము తలుపు బలవంతాన పైకి లాగుతుంటే వచ్చే గుర్రు లాంటిది, ఆగి ఆగి, దగ్గరవుతూ. అది మగ దుప్పి జోడు కోసం పిలిచే కాలమని నాకు తెలుసు, తెలిసినా పలక అంచు రెండు చేతులా పట్టుకున్నాను. మంచు కొంచెం పలచబడింది. ముందు ఒక పెద్ద ఆడ దుప్పి, చెవులు తప్ప మరేదీ కదపకుండా నిలబడి ఉంది. అది ఎప్పుడొచ్చిందో, అంతసేపూ అక్కడే ఉందో తెలియదు. అది ఒక అడుగు వేసింది. దాని వెనక తొమ్మిది, వాటి పక్కన ఆ ఏటి పిల్లలు, ఒక్క పుల్ల విరగకుండా దిగొచ్చాయి. అన్నిటి వెనకా మగది, చేతులు చాపినట్టున్న కొమ్ములతో, ముక్కులోంచి ఆవిరి పొగలు కడుతూ, ఈ ప్రపంచం నాది అన్నట్టు వచ్చి, నా మంచెకి ఇరవై అడుగుల్లో ఆగింది. దాని కంట్లో తెల్లవారుతున్న వెలుగు కనిపించింది నాకు. అంత అందమైనదాన్ని అంత దగ్గర్నుంచి నా జన్మలో అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తెలియకుండానే రెండు చేతులూ జోడించాను.

నా ముందే, ఆ పెద్ద ఆడ దుప్పి మెడ సాచి, కింది వరసలో ఒక ఓక్ మొక్క తల పట్టి లాగింది. పుటుక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. నమిలింది. పక్క మొక్క దగ్గరకి వెళ్ళింది.

అవి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు దిగలేదు. ఆ చోటు వెతికింది నేను. గాలి లెక్క కట్టింది నేను. ఇంకో వారానికి లిమరిక్ నుంచి ఆ మేనల్లుడొచ్చి ఈ పలక మీదే కూర్చుంటాడు, నేను పిలిచినట్టే అవి వస్తాయి. ఒకటీ రాలేదని చెబితే సరిపోతుంది. పెద్దాయన మంచె ఎక్కలేడు, చూసింది నేనొక్కణ్ణే, మంచె ఇంకో చోటికి మారుతుంది, శనివారాలు గడిచిపోతాయి. వసంతంలో దున్నేస్తారు. రెండు పక్కలా బతికించే దారి ఏదైనా ఉందేమోనని ఆ చలిలో కూర్చుని ఎంత ఆలోచించినా దొరకలేదు.

వంటింట్లో పెద్దాయన టీ పోసి నా కోసమే చూస్తున్నాడు. వచ్చాయా అన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, వచ్చాయి అన్నాను. ఎన్ని, ఎటునుంచి, ఏ వేళకి అంతా చెప్పాను. లెక్క విని ఊరుకుంటాడనుకుంటే, ముందున్నది తల ఎలా పెట్టింది, మగదాని మెడ నల్లబడిందా, పిల్లలు తల్లుల పక్కన నడిచాయా వెనకనా అని ఒక్కోటే అడిగాడు. రెండేళ్ళయింది ఆయన మంచె ఎక్కి. కళ్ళు మూసుకుని వింటూ ఉంటే నేను గంటసేపు చెబుతూనే ఉన్నాను. అంతా అయ్యాక, వాటిని వదిలెయ్యడానికి ఏ దారీ లేదా అని అడిగేశాను. ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఒకటీ రాలేదని నువ్వు చెప్పినా నేను నమ్మేవాణ్ణి. ఇంకేమీ అడిగేవాణ్ణి కూడా కాదు."

అంతే. చల్లారిన నా టీ పారబోసి మళ్ళీ పోశాడు.

మేనల్లుడొచ్చాడు. మొదటి శనివారం తుపాకీ మోత విన్నప్పుడు నేను మా వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. గిన్నె అక్కడే పెట్టేసి, వెళ్ళి అతనితో కలిసి ఆ దుప్పిని కిందికి మోశాను. మోయకుండా తప్పించుకోవడం నాకు న్యాయమనిపించలేదు. ముందు నడిచే ఆ పెద్దదే అది. ఏడ్చాను, అందులో దాచుకోవలసిందేమీ లేదు. మా ఆవిడ స్నానానికి నీళ్ళు తిప్పింది. పెద్దాయన ఆ మాంసం తెచ్చి ఇవ్వడం గానీ, తింటారా అని అడగడం గానీ ఎన్నడూ చేయలేదు. వేట జరిగిన ప్రతి శనివారం మా గడపలో ఒక ఆపిల్ టార్ట్ మాత్రం పెట్టి వెళ్ళేవాడు. చలికాలం అయ్యేసరికి మందలో సగం తగ్గింది, మిగిలినవి పై అడవికే పరిమితమయ్యాయి. వసంతంలో ఓక్ చిగుళ్ళు ఎవరూ తుంచకుండా ఎర్రగా విచ్చుకున్నాయి. తుంటి ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన కర్ర పట్టుకుని వరస వరసా తిరిగి, నా వైపు తిరిగి "గ్రాండ్" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మాట ఉండేది కాదు.

తర్వాత మాకు పర్మిట్లు మారాయి, నాకూ రోడ్ల పక్కన కాలవలు వేయించే పని దొరికింది, నేవన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. పెద్దాయన పోయి పదేళ్ళు దాటింది. పోయిన శరదృతువులో మేనల్లుడు, అతనికీ ఇప్పుడు జుట్టు తెల్లబడింది, ఒకసారి వచ్చి చూసి వెళ్ళమని పిలిచాడు. మా ఆవిడా నేనూ వెళ్ళాం. ఓక్ చెట్లు నాలుగు నిలువుల ఎత్తు దాటి, కొమ్మా కొమ్మా కలిసి, పట్టపగలే లోపల పచ్చటి చీకటి. వెన్న డబ్బాల వరసలు ఏవో అతనికీ తెలియదు, నాకూ గుర్తుపట్టడం చేతకాలేదు. మంచె పుచ్చి కూలిపోయి చాలా ఏళ్ళయిందట. అది ఉన్న చోటు అంచనాగా కనిపెట్టి, వాలు వైపు తిరిగి నిలబడ్డాను. ఆ పొద్దున మగ దుప్పి వచ్చి ఆగిన చోటు నాకు ఇరవై అడుగుల్లోనే ఉండాలి. ఆకులు తప్ప ఏమీ కనపడలేదు. లోపలెక్కడో అవి ఇంకా ఉన్నాయని మేనల్లుడు చెప్పాడు, ఉండే ఉంటాయి. నేను ఏ చెట్లు పెరగాలని వాటిని పట్టిచ్చానో, ఆ చెట్లే ఇప్పుడు వాటిని నా కళ్ళకి కనపడకుండా దాచుకున్నాయి. అంతా మంచికే జరిగిందని మా ఆవిడ అంటే అవునన్నాను. కానీ ఆ చెట్లలో ఒక్కదాన్ని కొట్టేసైనా సరే ఇంకొక్కసారి చూడాలని, అక్కడ నిలబడ్డంతసేపూ నాకు అనిపిస్తూనే ఉంది.